కుక్క ఆహారం: సంచిలో ఉండేది, ఇంట్లో వండేది

పెంపుడు కుక్క ఆహారం స్థూలంగా రెండు రకాలు. కార్ఖానాలో తయారై సంచుల్లోనో డబ్బాల్లోనో వచ్చేది ఒకటి, ఇంట్లో వండి పెట్టేది రెండోది. తెలుగు ఊళ్ళలో మొన్నమొన్నటిదాకా రెండోదే మామూలు. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన అన్నంలో మజ్జిగ పోసో, కూర అడుగు కలిపో వాకిట్లో పెట్టేవారు. పొలంలో ఎలుకలు, చికెన్ కొట్టు వెనక పారేసిన పేగులు, ఇంకో ఇంటి ముందు ఇంకో ముద్ద, ఇలా మిగతాది ఊరు తిరిగి కుక్కే సంపాదించుకునేది. అపార్ట్‌మెంట్‌లో పెరిగే లాబ్రడార్‌కు ఆ దారి లేదు. మనం గిన్నెలో వేయనిది దాని ఒంటికి ఎక్కడినుంచీ రాదు.

కాబట్టి ముడిపదార్థాల పేర్లు చూసి మంచిచెడ్డలు తేల్చేయడం తొందరపాటు. చికెన్, బియ్యం, గుమ్మడికాయ మూడూ మంచివే. కానీ ఆ మూడే వండి నెలల తరబడి పెడితే కుక్క ఎముకలు గుల్లబారతాయి. పోషకాలు ఏవేవి, ఎంతెంత అందుతున్నాయన్న లెక్కే అసలు విషయం. సంచికైనా గిన్నెకైనా ఆ లెక్క ఒకటే.

కుక్క ఏం అరిగించుకోగలదు

కుక్క తోడేలు సంతతి కనుక మాంసమే పెట్టాలనీ, అన్నం దానికి పడదనీ ఈమధ్య గట్టిగా చెబుతున్నారు. జన్యుశాస్త్రం ఆ మాటను బలపరచడం లేదు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో జరిగిన ఒక అధ్యయనం 2013లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నట్టు అందులో తేలింది. మనిషి వెంట వేల ఏళ్ళు నడిచి, మనిషి తినే గింజలు తిన్న ఫలితం అది. బాగా ఉడికిన అన్నం, సంగటి, చిలగడదుంప కుక్కకు చక్కగా అరుగుతాయి.

అయితే అన్నం శక్తినిస్తుంది గానీ ఒళ్ళు కట్టదు. కుక్కకు పది రకాల అమైనో ఆమ్లాలు తిండిలోంచే రావాలి. లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు కూడా అంతే. విటమిన్ సి మాత్రం దాని కాలేయమే తయారుచేసుకుంటుంది, నిమ్మకాయలూ నారింజలూ అక్కర్లేదు. విటమిన్ డి సంగతి దీనికి తలకిందులు. ఎండలో కూర్చుంటే మనిషి చర్మంలో తయారయ్యే ఈ విటమిన్, కుక్క చర్మంలో చాలినంత తయారవదు. రోజంతా డాబా మీద ఎండలో పడుకున్న కుక్కకైనా అది ఆహారంలోంచే అందాలి.

పెరుగన్నం మాటేమిటి? శాకాహార ఇళ్ళలో చాలా కుక్కలు దాని మీదే బతుకుతున్నాయి కనుక లెక్క వేసి చూడాలి. వంద గ్రాముల బియ్యం వండి రెండు వందల గ్రాముల పెరుగు కలిపితే సుమారు 470 కిలోక్యాలరీలు, 14 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. పెద్ద కుక్కకు ప్రతి 1000 కిలోక్యాలరీలకు కనీసం 45 గ్రాముల ప్రోటీన్ ఉండాలని అమెరికా ప్రమాణం. ఆ చొప్పున ఇక్కడ 21 గ్రాములు ఉండాలి. మూడో వంతు తక్కువ పడింది. జింక్, ఇనుము, విటమిన్ డి కొరత వేరే. ఒంట్లో బాగోలేనప్పుడు ఒకటి రెండు పూటలకు పెరుగన్నం హాయి. ఏడాది పొడవునా అదే పెట్టే ఇంట్లో కుక్క బొచ్చు రాలి, కండ కరిగి కనిపిస్తే కారణం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. గుడ్లు, పనీర్, పప్పులతో సంపూర్ణమైన శాకాహారం తయారుచేయడం సాధ్యమే. కానీ దాన్ని పశువైద్యుని లెక్కతోనే చేయాలి.

కార్ఖానా తిండి పుట్టుక

1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి లండన్‌లో కుక్క బిస్కెట్ల అమ్మకం మొదలుపెట్టాడు. రేవులో నావికుల గట్టి బిస్కెట్లను కుక్కలు ఎగబడి తినడం చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందని చెబుతారు. గోధుమ, బీట్‌రూట్, కూరగాయలు, ఎండబెట్టిన గొడ్డు మాంసం ఆ బిస్కెట్లలో ఉండేవి. ఆ కంపెనీలోనే పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ తర్వాత 1891లో తన పేరుతో లండన్‌లో పెట్టిన కుక్కల ప్రదర్శన ఇప్పటికీ నడుస్తోంది. 1922లో అమెరికాలో గుర్రపు మాంసంతో డబ్బా ఆహారం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో తగరం కరవై డబ్బాలు తగ్గడంతో పొడి ఆహారానికి బలం వచ్చింది. 1957లో ప్యూరినా కంపెనీ ఎక్స్‌ట్రూడర్ యంత్రంతో చేసిన గుళికలను మార్కెట్లోకి తెచ్చింది. మాంసం పొడి, ధాన్యప్పిండి కలిపిన ముద్దను ఆవిరితో, ఒత్తిడితో ఉడికించి సన్నని రంధ్రాల గుండా తోస్తే, బయటికి రాగానే పొంగి గుల్లగా మారుతుంది. తర్వాత దాన్ని ఆరబెట్టి పైన కొవ్వు, రుచి ద్రావణం చల్లుతారు. మనం కిబుల్ అనేది దీన్నే. తెలుగు ఇళ్ళలో చాలామంది ఏ కంపెనీ గుళికలనైనా పెడిగ్రీ అనే పిలుస్తారు. ఆ పెడిగ్రీ చేసే మార్స్ సంస్థ కార్ఖానా తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో ఉంది.

లేబుల్ చదవడం

మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత చట్టం మనుషుల తిండికి సంబంధించినది. ‘ఆహారం’ అనే నిర్వచనంలోంచి పశువుల దాణాను అది మినహాయించింది. పెంపుడు జంతువుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ విడిగా ఒక ప్రమాణం రూపొందించింది. సంచుల మీద మాత్రం ఎక్కువగా కనిపించేవి అమెరికాకు చెందిన ఆఫ్కో, ఐరోపాకు చెందిన ఫెడియాఫ్ పేర్లు. ఆఫ్కో 1909లో ఏర్పడిన దాణా నియంత్రణ అధికారుల సంఘం. అది ఏ ఆహారాన్నీ స్వయంగా పరీక్షించదు, ఆమోదముద్ర వేయదు. ప్రమాణాలు మాత్రమే రాస్తుంది. ‘ఆఫ్కో ఆమోదించినది’ అని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

సంచి మీద మొదట వెతకవలసింది ‘సంపూర్ణ సమతులాహారం’ అనే వాక్యం, అది ఏ వయసు కుక్కకో చెప్పే మాట. పెద్ద కుక్కకు పొడి బరువులో కనీసం 18 శాతం ప్రోటీన్, 5.5 శాతం కొవ్వు ఉండాలి. ఎదిగే పిల్లకు, చూలు కుక్కకు, పాలిచ్చే తల్లికి 22.5, 8.5 శాతం. ఆ వాక్యం లేకుండా ‘అప్పుడప్పుడూ పెట్టడానికి’, ‘అనుబంధంగా’ అని ఉంటే దాన్ని రోజువారీ తిండిగా వాడకూడదు. మార్కెట్లో దొరికే గ్రేవీ పొట్లాల్లో ఇలాంటివీ ఉన్నాయి.

ముడిపదార్థాల పట్టిక బరువును బట్టి ఉంటుంది. వండకముందు ఏది ఎక్కువ తూగితే అది ముందు. ఇక్కడే చాలామంది తడబడతారు. పచ్చి చికెన్‌లో 70 శాతం దాకా నీరే. పట్టికలో అది మొదట ఉన్నా, ఆరాక మిగిలేది కొంచెమే. ‘చికెన్ మీల్’ అంటే మాంసాన్ని ఉడికించి, నీటినీ కొవ్వునూ తీసేసి పొడి కొట్టినది. దానిలో దాదాపు 65 శాతం ప్రోటీన్ ఉంటుంది. పేరు వినడానికి అంత బాగోదు గానీ, రెండో స్థానంలో ఉన్న చికెన్ మీల్ మొదటి స్థానంలోని చికెన్ కంటే ఎక్కువ ప్రోటీన్ ఇవ్వవచ్చు. ఇంకో ఎత్తుగడ కూడా ఉంది. మొక్కజొన్న పిండి, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న తవుడు అని ఒకే గింజను మూడుగా విడదీసి రాస్తే ఒక్కొక్కటీ కిందికి దిగి మాంసం పైకొస్తుంది. అలాంటివి మూడూ కలిపి చూసుకోవాలి. పట్టికలో ఉప్పు ఎక్కడుందో చూడటం మరో పద్ధతి. ఉప్పు సాధారణంగా ఒక శాతానికి మించదు కాబట్టి దాని తర్వాత రాసిన బ్లూబెర్రీలు, పాలకూర, పసుపు అంతకంటే తక్కువే. సంచి మీద బొమ్మ ఎంత పెద్దగా వేసినా వాటి వల్ల ఒరిగేది స్వల్పం.

‘బై ప్రొడక్ట్’ అనే మాట చూసి జంకడం అనవసరం. కాలేయం, కందనకాయ, గుండె, ఊపిరితిత్తులు, ప్లీహం దాని కిందికి వస్తాయి. ఈకలు, వెంట్రుకలు, గిట్టలు రావు. కందనకాయ వేపుడు, కార్జం ఇష్టంగా తినే మనం వాటిని కుక్కకు తక్కువ తిండి అనడం న్యాయం కాదు. పోషకాల పరంగా చూస్తే ఉత్త బోన్‌లెస్ ముక్కల కంటే అవే మెరుగు. పిరిడాక్సిన్ హైడ్రోక్లోరైడ్, కోలిన్ క్లోరైడ్, జింక్ సల్ఫేట్ వంటి పొడవాటి పేర్లూ భయపడాల్సినవి కావు. మొదటిది బి6 విటమినే. బీహెచ్‌ఏ, బీహెచ్‌టీ కొవ్వు ముక్కిపోయి కంపు కొట్టకుండా వాడే కృత్రిమ నిల్వ పదార్థాలు. ఇప్పుడు చాలా కంపెనీలు వాటి బదులు టోకోఫెరాల్స్, అంటే విటమిన్ ఇ రూపాలు వాడుతున్నాయి. అవి సురక్షితమే గానీ తొందరగా శక్తి కోల్పోతాయి. సంచి విప్పాక నెల రోజుల్లో అయిపోయేలా కొనుక్కోవడం మంచిది.

పొడి గుళికల్లో తేమ 10 శాతం, డబ్బా ఆహారంలో 78 శాతం దాకా. కాబట్టి అంకెలు నేరుగా పోల్చకూడదు. 8 శాతం ప్రోటీన్ ఉన్న డబ్బాలో పొడి భాగం 22 శాతమే. 8ని 22తో భాగిస్తే 36 శాతం వస్తుంది. 24 శాతం అని రాసిన గుళికల్లో అదే లెక్క 27 శాతం దగ్గర ఆగుతుంది.

‘ముడి ప్రోటీన్’ అనే అంకె ప్రోటీన్‌ను నేరుగా కొలిస్తే వచ్చింది కాదు. నైట్రోజన్ ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు. ఈ లొసుగు 2007లో ఉత్తర అమెరికాలో ఎన్నో కుక్కల, పిల్లుల ప్రాణాలు తీసింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారు. ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే ఆ రసాయనం బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే, అందుకే పరీక్షలో ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. మెలమైన్, దాంతోపాటు ఉన్న సైనూరిక్ ఆమ్లం మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుని వాటిని పాడుచేశాయి. ఎన్నో బ్రాండ్ల డబ్బాలు వెనక్కి పిలిపించారు. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది.

ధాన్యం లేని ఆహారం గురించి కూడా ఒక మాట. 2018 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ కొన్ని కుక్కల్లో గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బుకూ, బఠానీ, పప్పుధాన్యాలు ఎక్కువగా వాడిన ఆహారానికీ సంబంధం ఉందేమో పరిశీలిస్తున్నామని ప్రకటించింది. కారణం ఇప్పటికీ గట్టిగా తేలలేదు. కుక్కలో ధాన్యపు అలర్జీ నిర్ధారణ కానప్పుడు ధాన్యం మానేయాల్సిన అవసరం కనబడదు. ఆహార అలర్జీ వచ్చే కుక్కల్లో గొడ్డు మాంసం, పాల పదార్థాలు, చికెన్ కారణమయ్యే సందర్భాలే ఎక్కువ.

ఇంటి వంట

ఇంట్లో వండి పెట్టడానికి కారణాలున్నాయి. జబ్బుపడ్డ కుక్క గుళికలు ముట్టదు. కొన్ని ఊళ్ళలో మంచి ఆహారం దొరకదు, దొరికినా ఖరీదు. మన చేతి వంట పెట్టాలన్న ప్రేమ ఉంటుంది. ఆ ప్రేమ నిజమైనదే, కానీ దానికి తూకం తోడవ్వాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న 200 ఇంటి వంటకాలను 2013లో పరిశీలించారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక్క ముఖ్య పోషకమైనా తక్కువైంది. వైద్యులు రాసిన వాటిలోనూ లోపాలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది కాల్షియం. మాంసంలో భాస్వరం దండిగా, కాల్షియం నామమాత్రంగా ఉంటాయి. తోడేలు ఎముకతో సహా తింటుంది కనుక దానికి సరిపోయింది. ఎముక తీసేసి ముక్క మాత్రమే పెడితే రక్తంలో కాల్షియం తగ్గుతుంది, పారాథైరాయిడ్ గ్రంథి మేల్కొని ఎముకల్లోంచి దాన్ని తోడుతుంది. దవడ ఎముక మెత్తబడుతుంది, పిల్లల కాళ్ళు వంకరపోతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. ‘మా కుక్కకు రోజూ చికెనే’ అని చెప్పే ఇళ్ళలో ఈ జబ్బు రావడం అందుకే. అలాగని కాల్షియం మరీ పోయడమూ ప్రమాదమే. గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతుల పిల్లల్లో ఎక్కువ కాల్షియం ఎముకల పెరుగుదలను చెడగొడుతుంది. ఎదిగే పిల్లకు ఇంటి వంట సొంత లెక్కతో చేయవద్దని నా గట్టి అభిప్రాయం.

ముందు ఎంత శక్తి కావాలో తెలియాలి. కుక్క బరువును కిలోల్లో తీసుకుని దాని ఘనం కట్టి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణిస్తే విశ్రాంతిలో కావలసిన కిలోక్యాలరీలు వస్తాయి. పది కిలోల కుక్కకు: ఘనం 1000, మొదటి వర్గమూలం 31.6, రెండోది 5.62. దాన్ని 70తో గుణిస్తే 394. గర్భసంచి లేదా వృషణాలు తీసేసిన ఇంటి కుక్కకు దానిమీద 1.6 రెట్లు, అంటే దాదాపు 630. ఫోన్‌లోని లెక్కల యంత్రం చాలు.

ఇప్పుడు ఆ పది కిలోల కుక్కకు ఒక రోజు గిన్నె చూద్దాం. స్కిన్, ఎముక లేని చికెన్ తొడ మాంసం 250 గ్రాములు, బియ్యం 60 గ్రాములు, తీపి గుమ్మడి 60 గ్రాములు, కారట్ లేదా బీన్స్ 30 గ్రాములు, మేక కార్జం 15 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె ఒక చిన్న చెంచా. అన్నీ పచ్చి బరువులే. చికెన్‌ను, కార్జాన్ని నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయకుండా అందులోనే బియ్యం, కూరగాయలు మెత్తగా ఉడికించాలి. నీళ్ళు పారబోస్తే బి విటమిన్లు కొంత వాటితోపాటే పోతాయి. ఉప్పు, కారం, పోపు ఏమీ అక్కర్లేదు. చల్లారాక నూనె కలపాలి. ఇది 600 కిలోక్యాలరీల దగ్గరకు, 55 గ్రాములకు పైగా ప్రోటీన్‌కు వస్తుంది. కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తని పొడి చేసి జల్లించి ఉంచుకోవాలి. ఆ పొడిలో 38 శాతం దాకా కాల్షియమే. ఈ గిన్నెకు రెండు గ్రాములు, అంటే చిన్న చెంచాలో సగానికి తక్కువ, సరిపోతుంది. వంటింటి చెంచాను నమ్మకుండా గ్రాముల తూకం యంత్రం ఒకటి కొనుక్కోవడం మేలు.

ఇంత చేసినా ఈ గిన్నె సంపూర్ణం కాదు. జింక్ అవసరంలో సగం కూడా రాదు. విటమిన్ డి, ఇ, అయోడిన్, మాంగనీస్ తక్కువే. వారానికి రెండు మూడు గుడ్లు, విశాఖ తీరంలో దొరికే కవళ్ళు వంటి చిన్న చేపలు ముళ్ళు తీసి ఉడికించి పెడితే కొంత పూడుతుంది. మిగతాది పశువైద్యుడు కుక్క బరువును, గిన్నెను చూసి రాసిచ్చే ఖనిజ విటమిన్ మిశ్రమంతోనే పూడాలి. మనుషుల మాత్రలు వేయకూడదు. వాటిలో విటమిన్ డి మోతాదు ఎక్కువ కావచ్చు, కొన్నిటిలో కుక్కకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. స్థానిక పదార్థాల్లో ఏది ఎంతుందో తెలుసుకోవాలనుకునేవారికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార సమ్మేళన పట్టికలు గొప్ప ఆధారం. రాగులు, తోటకూర, మేక కార్జం, మన చేపలు, అన్నిటి లెక్కా అందులో ఉంది.

పచ్చి మాంసం పెట్టే పద్ధతి ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల వల్ల కుక్కకే కాక ఇంట్లో పసిపిల్లలకు, ముసలివారికి ముప్పు ఉందని అమెరికా పశువైద్య సంఘం 2012లో దాన్ని వద్దంది. మన ఎండల్లో, మధ్యాహ్నం దాకా గాలిలో వేలాడదీసిన మాంసంతో ఆ ప్రయోగం చేయదగ్గది కాదు. ఇక ఉడికించిన ఎముకలు పెళుసుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. చికెన్ కొట్లో తక్కువకు ఇచ్చే మెడలు, కాళ్ళు ఉడికిస్తే రసం తీసుకుని ఎముకలన్నీ ఏరి పారేయాలి.

గిన్నెలో పడకూడనివి

మన వంటింట్లో కుక్కకు పెద్ద ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి. ఇవి ఎర్ర రక్తకణాలను చిట్లగొడతాయి. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తింటే రక్తంలో మార్పులు వస్తాయి. వండినా విషం పోదు, ఎండబెట్టి పొడి చేస్తే ఇంకా గాఢమవుతుంది. లక్షణాలు వెంటనే కనబడవు. కొన్ని రోజుల తర్వాత చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. కోడికూర గ్రేవీ, సాంబారు, వెల్లుల్లి పోపు వేసిన పప్పు కలిపిన అన్నం కుక్కకు పెట్టే అలవాటు మానాలి.

ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందులోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణమై ఉండవచ్చని 2021లో అమెరికా విష నియంత్రణ వైద్యులు ప్రతిపాదించారు. పాయసం, చక్కెర పొంగలి గిన్నెలు కుక్కకు అందకుండా పెట్టాలి. చింతపండులోనూ అదే ఆమ్లం దండిగా ఉంది, కాబట్టి పులుసు అన్నం, పులిహోర కూడా వద్దు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, వణుకు మొదలవుతాయి. పది కిలోల కుక్కకు మిల్క్ చాక్లెట్ వంద గ్రాములతో ఆ స్థాయి వస్తే, కేకుల్లో వాడే ముదురు చాక్లెట్ 15 గ్రాములకే వస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లు, కొన్ని పీనట్ బటర్‌లలో ఉండే జైలిటాల్ నిమిషాల్లో రక్తంలో చక్కెరను పడగొట్టి, తర్వాత కాలేయాన్ని పాడుచేస్తుంది. ఇది తిన్నదని తెలిసిన క్షణమే వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి, లక్షణాల కోసం చూస్తూ కూర్చోకూడదు.

చిరుతిళ్ళు

రోజు క్యాలరీల్లో పదో వంతుకు మించి చిరుతిళ్ళ రూపంలో పోకూడదు. పది కిలోల కుక్కకు అది 60 కిలోక్యాలరీలు. తెలిసి కొలిచేవారు తక్కువ, కానీ మితం వల్ల మేలుంది. ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తమతో జతగా ఎంచిన కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి.

ఇంట్లో చేసుకోవడానికి రాగి బిస్కెట్ తేలిక. రాగిపిండి వంద గ్రాములు, గోధుమపిండి యాభై, ఒక గుడ్డు, ఉడికించి మెదిపిన చిలగడదుంప వంద గ్రాములు కలిపి, అవసరమైతే చెంచాడు నీళ్ళతో గట్టి ముద్ద చేసి, అర అంగుళం మందాన ఒత్తి, అరవై చిన్న ముక్కలుగా కోయాలి. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. ఓవెన్ లేకపోతే పెనం మీద సన్న సెగన రెండువైపులా గట్టిపడేదాకా కాల్చవచ్చు. ఒక్కో ముక్క పది పదకొండు కిలోక్యాలరీలు, రోజుకు అయిదు చాలు. చక్కెర, బెల్లం వేయకూడదు. లోపల తేమ మిగిలితే బూజు పడుతుంది కనుక ఆరాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి వారంలో వాడేయాలి. వేరుశనగ వేయాలనుకుంటే గింజలు ఏరి చూసుకోవాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి పనికిరావు. వాటిలో పెరిగే శిలీంధ్రం విడుదల చేసే అఫ్లటాక్సిన్ కుక్క కాలేయాన్ని నాశనం చేస్తుంది, వేయించినా అది పూర్తిగా పోదు. సంచుల్లో వచ్చే ఆహారంలో కూడా బూజు పట్టిన మొక్కజొన్న వల్ల ఇదే విషం కుక్కల్ని చంపిన సందర్భాలున్నాయి. ఉప్పు పట్టించిన ఎండుచేపలు, జీడిపప్పు వేపుళ్ళు, కారప్పూస వద్దు. ఉడికించిన గుడ్డు ముక్క, గింజ తీసిన ఆపిల్, దోసకాయ చక్రం, కొబ్బరి చిన్న పలుకు ఏ శ్రమా లేని చిరుతిళ్ళు.

ఆహారం మార్చేటప్పుడు వారం పది రోజులు పట్టాలి. మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, అప్పుడు పూర్తిగా. విరేచనాలు పట్టుకుంటే ఒక మెట్టు వెనక్కి రావాలి. రెండు మూడు వారాలకోసారి బరువు చూసి, పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగులుతున్నాయో లేదో తడిమి, గిన్నె పెంచాలో తగ్గించాలో నిర్ణయించుకోవాలి. ఇంటి వంటే తినే కుక్కకు ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించడం అవసరం. కానీ రక్తంలో కాల్షియం మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. ఎముకలు కరిగించి మరీ ఒళ్ళు ఆ స్థాయిని కాపాడుకుంటుంది. అనుమానం ఉంటే వైద్యుడు ఎక్స్‌రే తీయించి, వండే పదార్థాల పట్టిక తూకాలతో సహా అడుగుతాడు. ఆ పట్టికను రాసి పెట్టుకుని వెంట తీసుకెళ్ళాలి.